రాని గ్రాంటుకు నేను చెప్పిన సాక్ష్యం

సహోదరులారా, అమ్మలారా, అక్కలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. పోయిన సంవత్సరం ఇదే మందిరంలో ఇక్కడే నిలబడి నేనొక సాక్ష్యం చెప్పినాను, మీరంతా చప్పట్లు కొట్టి హల్లెలూయా అన్నారు. అయ్యో, ఆ సాక్ష్యం అబద్ధం! ఆ అబద్ధంతో పదకొండు నెలలు బతికినాను, తిన్నది ఒంటబట్టక, మోకరిస్తే నోట మాట రాక, ఎవరన్నా ఎదురైతే పక్క సందులోకి తప్పుకుని, ఆదివారం వస్తుందంటేనే భయపడి బతికినాను.

కొత్తగా వచ్చినోళ్ల కోసం చెప్తాను. నా పేరు ఎస్తేరు. మా నాయన ఏసోబు మార్కాపురంలో పలకల పనికి పోయి ముప్పై ఏండ్లు రాయి కోసినాడు. ఎవరెవరి పిల్లలకో పలకలు చేసినాడు గానీ తాను అక్షరం దిద్దింది లేదు, ఆ దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లోనే పేరుకుంది. నన్ను మాత్రం పట్టుబట్టి ఎమ్మే ఇంగ్లీషు దాకా చదివించినాడు.

చదువు అయినాక ఒక గ్రాంటుకు అప్లై చేసినాను. వియత్నాం దేశంలో బడిపిల్లలకు ఒక సంవత్సరం ఇంగ్లీషు చెప్పాల, దారి ఖర్చు, ఉండే చోటు, జీతం అన్నీ వాళ్లే ఇస్తారు. ఇంటర్వ్యూ బాగా జరిగింది, తర్వాత మెయిలు వచ్చింది. నా పేరు వెయిటింగ్ లిస్టులో ఉందనీ, ముందున్నోళ్లు ఎవరన్నా మానుకుంటే నాకిస్తామనీ అందులో రాసినారు. నేను దాన్ని చక్కగానే అర్థం చేసుకున్నాను సహోదరులారా, ఎమ్మే చదివిన దాన్ని, అర్థం కాకేమి? కానీ మన సంఘంలో ఒక అలవాటు ఉంది గదా, అడిగింది చేతికి రాకముందే వచ్చేసిందని విశ్వాసంతో సాక్ష్యం చెప్తాం, అట్ల చెప్తేనే దేవుడు ఇస్తాడనుకుంటాం. నేనూ లేచినాను. "దేవుడు నాకు గ్రాంటు ఇచ్చినాడు" అన్నాను. అందులో విశ్వాసం పావు వంతు ఉంటే, మా నాయన ముఖం వెలిగిపోతుంటే చూసుకోవాలన్న ఆశ, నా గొప్ప మీ అందరికీ చాటుకోవాలన్న పొగరు ముప్పావు వంతు!

నాయన ఎగిరి గంతేసినంత పని చేసి కృతజ్ఞత కూడిక పెట్టినాడు, పొట్టేలును కోసినాడు, మీరంతా మా ఇంటి ముందర కూర్చుని అన్నం తిన్నారు. మార్తమ్మత్త ఫారిన్ అంటే చలి ఉంటదని నాకు స్వెట్టరు కొనుక్కొచ్చింది. అక్కడ మన మార్కాపురం లెక్కనే ఉక్కపోత అత్తా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మూడు వారాలకు ఇంకో మెయిలు వచ్చింది. ముందున్నోళ్లు ఎవరూ మానుకోలేదు, గ్రాంటు లేదు.

ఆ రోజే చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. పొట్టేలు తిన్నోళ్లకు ఏమని చెప్పాల? వీసా ఆలస్యమన్నాను, అక్కడ బడులు ఇంకా తెరవలేదన్నాను. గిద్దలూరులో ఒక ప్రైవేటు బడిలో చేరి, పోయేముందు ట్రైనింగ్ అని మా అమ్మకే చెప్పినాను. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి, దాన్ని కప్పడానికి మరొకటి.

ఇంతలో నాయనకు ఆయాసం ముదిరి ఆసుపత్రిలో వేసినాము. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని కూడా వచ్చిన ప్రతి నర్సమ్మకూ "మా పాప ఫారిన్లో టీచరమ్మ కాబోతాంది" అని చెప్పేటోడు. నన్ను చూస్తే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకునేటోడు. ఎందుకో నాకు మొదట తెలియలేదు. తన కోసమే నేను ప్రయాణం ఆపుకున్నానని అనుకున్నాడు సహోదరులారా! ఒక పొద్దున నేను పక్కనే ఉండగా చేతులు జోడించి, ఒక్కొక్క మాటకూ ఆగి ఆగి ప్రార్థన చేసినాడు: "ప్రభువా, నా ఊపిరి ఈ బిడ్డ దారికి అడ్డంగా ఉంది. దాన్ని తీసుకో తండ్రీ, బిడ్డను పోనీ."

నేను ఆ మంచం పట్టె పట్టుకుని నిలబడినాను. గ్రాంటు రాలేదు నాయనా, నువ్వు నాకు అడ్డం కాదు నాయనా అని రెండు ముక్కలు చెప్తే చాలు. రేపు చెప్తాలే, కాస్త కోలుకోనీ అనుకున్నాను. మూడోనాడు నాయన పోయినాడు.

మట్టి చేసిన రోజు మీరు నన్ను ఓదారుస్తా ఏమన్నారో గుర్తుందా? తండ్రి కోసం ఫారిన్ వదులుకున్న బిడ్డ అన్నారు. నా అబద్ధానికి మీరు తెలియక పూలదండ వేసినారు. అందరూ పోయినాక నేను సమాధి దగ్గర బోర్లా పడి ఏడ్చినాను. "ప్రభువా, నేను అబద్ధమాడినాను, మా నాయన తన చావును తానే కోరుకునేటట్టు చేసినాను, నన్ను వదిలిపెట్టొద్దు" అన్నాను. ఎన్నో నెలల తర్వాత నా నోట వచ్చిన నిజమైన ప్రార్థన అది. ఇంటికి పోయి అమ్మకు చెప్పినాను. అమ్మ రెండు రోజులు నాకు అన్నం వడ్డించలేదు. మూడో రోజు అన్నం పెడతా, "సంఘంలో చెప్పినావు గదా, సంఘంలోనే ఒప్పుకో" అన్నది. అందుకే ఈ రోజు నిలబడినాను.

దేవుడు నాకు గ్రాంటు ఇయ్యలేదు, ఇయ్యకపోయినా ఆయన దేవుడే. ఆ అబద్ధం నుంచి నన్ను ఈడ్చి బయట పడేసినాడు, దేవునికే మహిమ! మళ్లీ అప్లై చేసినాను, ఏమైతుందో తెలియదు, తెలియకముందు ఈసారి ఏమీ చెప్పను. మార్తమ్మత్తా, నన్ను క్షమించు. మీరంతా క్షమించండి. దుఃఖం తీరిందని మాత్రం చెప్పలేను, మా నాయన నిజం తెలియకుండానే పోయినాడు, అది నాతోనే ఉంటది.

ప్రియులారా, నిజం చెప్తే తోసేసే దేవుడు కాదు మన దేవుడు, ఆయన్ని నమ్మండి. మీలో ఎవరి ఇంట్లోనైనా మంచం మీద ఉన్నోళ్లకు చెప్పాల్సిన మాట ఏదన్నా ఉంటే, ఆశీర్వాద ప్రార్థన దాకా కూడా కూర్చోవద్దు. ఇప్పుడే లేచి ఇంటికి పోండి, పాస్టరు అయ్యగారు ఏమీ అనుకోరు. వాళ్లకు ఊపిరి ఉండగానే చెప్పండి.