బోర్ల ప్యాసేజ్

2023 నవంబరు. రాయదుర్గంలో మా ట్యుటోరియల్ ఒక జీన్స్ యూనిట్ పైన, మేడ మీద ఉంటుంది. కింద మిషన్లు మొదలైతే పైన బెంచీలు సన్నగా వణుకుతాయి. అందుకే నా క్లాసు పొద్దున ఆరున్నరకు మొదలై ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది. పీజీ ఎంట్రన్సులకు ఇంగ్లీషు చెప్పడం నా పని. పదహారేళ్లుగా అదే చేస్తున్నాను. నాకు కోపం ఎక్కువని పిల్లలు చెప్పుకుంటారు. ఉన్నమాటే, దాచుకునేదేమీ లేదు.

మా పనిలో ప్రాణం తీసేది ఆర్.సి., అంటే రీడింగ్ కాంప్రహెన్షన్. ఒక పేజీ నిడివి వ్యాసం ఇస్తారు. దాన్ని ప్యాసేజ్ అంటాం. దాని కింద నాలుగైదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, తప్పు పెడితే మార్కు కోత. చూడ్డానికి సులభంగా ఉంటుంది గానీ ఇంగ్లీషు దంచి కొట్టేవాళ్లు కూడా ఇందులో బొక్కబోర్లా పడతారు. అక్కడ అడిగేది మనకేం తెలుసని కాదు, రాసినవాడు ఏమన్నాడని. అందుకే మొదటి రోజే బోర్డు మీద రాసి పెట్టేదాన్ని: "ప్యాసేజ్‌లో లేనిది లోకంలో లేదు." ఆ మాటకు ఎన్నడూ ఎవరూ ఎదురు చెప్పలేదు, హంపమ్మ వచ్చేదాకా.

హంపమ్మది గుమ్మఘట్ట పక్కన పల్లె. డిగ్రీ అయ్యాక మా కింది యూనిట్‌లోనే కుట్టిన ప్యాంట్లు తనిఖీ చేసే పనిలో చేరింది. గ్రామీణాభివృద్ధిలో పీజీ చెయ్యాలని పట్టు. ఆ చదువు చెప్పే ఒక కాలేజీలో పల్లె పిల్లలకు ఫీజు లేని సీట్లు కొన్ని ఉన్నాయి. వాటికి వయసు పరిమితి ఉంది, హంపమ్మకు అదే ఆఖరి ఏడు. అంతకుముందు ఏడాది లెక్కల్లో మంచి మార్కులు వచ్చినా సెక్షనల్ కటాఫ్ దగ్గర పోయింది. ఒక్కో విభాగంలో విడివిడిగా ఇన్ని మార్కులు రావాలని ఒక గీత గీస్తారు, అదే కటాఫ్. ఇంగ్లీషులో ఆమె ఆ గీతకు రెండు మార్కులు కింద ఆగిపోయింది.

"ఈసారి పోతే ఇంగ పోయినట్లే మేడం," అంది చేరిన రోజున. ఏడవలేదు, బతిమాలలేదు. ఫోన్ నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

ప్రతి ఆదివారం మాక్ పెడతాను. అసలు పరీక్షలాగే గడియారం పెట్టి రాయించే నమూనా పరీక్ష అది. హంపమ్మకు ఒక వారం ఇరవైకి పదిహేడు వస్తే మరుసటి వారం ఎనిమిది వచ్చేవి. ఒకసారి ఆకాశంలో, ఒకసారి పాతాళంలో. "శ్రద్ధ యాడ పెట్టి వస్తాండావు?" అని నాలుగు వారాలు తిట్టాను. ఐదో వారం తిట్టడానికి ఓపిక లేక ఆమె జవాబు పత్రాలన్నీ వరుసగా పరిచి కూర్చున్నాను. తిమింగలాల మీద ప్యాసేజ్, అన్నీ ఒప్పు. గ్రీకుల తత్వం, అన్నీ ఒప్పు. వానలు, పొదుపు సంఘాలు, బోరుబావులు, ఒక్కటీ సరిగ్గా లేదు. తెలియని సంగతులన్నీ ఒప్పు పెట్టి, తెలిసినవన్నీ తప్పు పెట్టింది. పరీక్ష నెల రోజుల్లో ఉంది.

మర్నాడు ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టి బోర్ల ప్యాసేజ్ తీశాను. అది నేను తయారుచేసిన మెటీరియల్‌లోదే. మెట్ట ప్రాంతాల రైతులు భూమిలోపలి నీళ్ల గురించి ఏమీ తెలియక, ఎవరినీ అడగక, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు పక్కవాణ్ణి చూసి బోరు మీద బోరు వేసి చెడిపోతున్నారని దాని సారాంశం. బోర్లు విఫలం కావడానికి రచయిత చెప్పిన ప్రధాన కారణం ఏమిటన్నది ప్రశ్న. జవాబు 'సి', రైతుల అజ్ఞానం. హంపమ్మ 'ఎ' పెట్టింది, వానలు తగ్గడం.

"ఇందులో వాన మాట యాడుంది, చూపించు."

"ల్యాదు మేడం."

"మరెందుకు పెట్టినావ్?"

"వాన లేకనే గదా బోర్లు ఎండేది. రాసిన ఆయప్పకు తెల్దు."

"ఆయప్పకు తెలిస్తే నీకేమి, తెలియకపోతే నీకేమి? ఆయప్ప ఏమన్నాడో అది పెట్టు."

"బోరు వేసే ముందు ఎవురినీ అడగరని రాసినాడు మేడం. మా నాయన టెంకాయ పట్టి నీళ్లు చూసేవాణ్ణి పిలిపించినాడు, భూమిలో నీళ్లు చూసే ఆపీసోళ్లనూ పిలిపించినాడు. ఇద్దరూ ఒకే తావు చూపించినారు. ఆడ వేస్తే ఉత్త దుమ్ము లేసింది."

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు పరీక్ష రాస్తాండావా, ఆయప్పతో జగడానికి పోతాండావా? 'సి' పెట్టు."

పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగిపోయింది. "తోటలో చీనీకాయ చెట్లు ఎండిపోతాంటే మా నాయన నాలుగు బోర్లు వేసినాడు మేడం. మా నాయన తెలివి లేనోడని నా చేత్తో నేనే టిక్కు పెట్టల్లనా?"

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "పెట్టల్ల! పెట్టకుంటే బతికినన్నాళ్లూ కింద ప్యాంట్లు చూసుకుంటా ఉండు," అన్నాను.

హంపమ్మ పెన్ను క్యాపు పెట్టింది. పుస్తకం సంచిలో వేసుకొని మెట్లు దిగి వెళ్లిపోయింది. నోరు జారాక తీసుకోవడం ఎవరి తరం? మిగతా క్లాసు ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

మూడు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దున ఆమె యూనిట్ గేటులోకి వెళ్తుంటే కిటికీలోంచి చూసేదాన్ని. తల పైకెత్తేది కాదు. పదిహేను మెట్లు దిగితే ఆమె దగ్గరికి వెళ్లొచ్చు. టీచర్ని, నేను దిగాలా అన్న పొగరు నన్ను దిగనివ్వలేదు. అవతల రోజులు కరిగిపోతున్నాయి. కటాఫ్ గీత మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

నాలుగో రోజు క్లాసు మధ్యలో గడప దగ్గర ఒక పెద్దాయన చెప్పులు విడిచి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు, వెనక హంపమ్మ. వాళ్ల నాయన తిమ్మప్ప. వాళ్ల ఊళ్లో తగవులు వస్తే పంచాయతీలో పెద్దమనిషిగా కూర్చునేది ఆయనేనని హంపమ్మ ఒకసారి చెప్పి ఉంది.

"ఏమమ్మా, నా కూతుర్ని బతికినన్నాళ్లూ ప్యాంట్లు చూసుకోమంటివంట."

"తప్పైంది అన్నా," అన్నాను. పిల్లలందరి ముందరా అన్నాను.

"అది ఇడిసిపెట్టు. కోపంలో అందురూ అంటారు. ఆ కాయితంలో నన్నేమన్నాడో అది చెప్పు. అన్నీ చెప్పింది, ఆ ఒక్కటి అడిగితే మాత్రం మూడు దినాల నుంచి నోరు ఇప్పకుండా ఉండాది."

ఆ ప్యాసేజ్ ఎన్ని బ్యాచీలకు చెప్పానో లెక్క లేదు. అందులో ఉన్న మనిషి నా ఎదురుగా నిలబడి చెప్పమని అడగడం అదే మొదలు. "ఏం లేదన్నా, రైతులకు చానా కష్టాలుండాయి, పాపం బోర్లు వేసి..." అని మొదలుపెట్టాను.

"అట్ల రాయల్యాదు మేడం," అంది హంపమ్మ.

నిజమే, రాయలేదు. ప్యాసేజ్‌లో లేనిది నేనే కల్పించి చెబుతున్నాను.

"ఉండేది ఉన్నట్ల చెప్పమ్మా," అన్నాడు తిమ్మప్ప.

చెప్పాను. నీళ్ల సంగతి తెలియక, ఎవరినీ అడగక, పక్కవాణ్ణి చూసి బోర్లు వేసి చెడిపోతున్నారని, దానికి కారణం అజ్ఞానమని. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"అంతేనా? ఇంగేమన్నా ఉండాదా?"

"అంతే అన్నా."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "పంచాయతీలో నేనేం జేస్తా పాపా?"

హంపమ్మ తల ఎత్తి చెప్పింది.

"ఎదుటోడు అన్న మాట ముందు తగవు తెచ్చినోనితో చెప్పిస్తావు. 'అవును, నేనన్నది అదే' అని వాడు ఒప్పుకునేదాకా వీని మాట ఇనవు."

"ఎందుకు?"

"ఎదుటోని మాట సరిగ్గా ఇననోడు జవాబు యాడ చెప్తాడని."

"మరి? చెప్పినంత మాత్రాన ఒప్పుకున్నట్లు కాదు గదా. వాడన్నది వాడన్నట్ల చెప్పు."

హంపమ్మ నిలబడే చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క కలపలేదు. 'అజ్ఞానం' అన్న మాటను కూడా మింగకుండా చెప్పింది.

"ఏమమ్మా, వాడన్నది ఇదేనా?" అని ఆయన నన్నడిగాడు.

"ఇదే అన్నా. నాకన్నా బాగా చెప్పింది."

"ఇప్పుడు నీది చెప్పు పాపా," అన్నాడు. ఆ పిల్ల చెప్పడం మొదలుపెడితే కట్ట తెగినట్టే అయింది. వాన, రాయి, కరెంటు, ఎండిన చెట్లు, దుమ్ము లేచిన బోరు, అన్నీ చెప్పింది. అంతా విని తిమ్మప్ప నెమ్మదిగా అన్నాడు: "తెలివి లేక వేయల్యా నేను. ఆరేండ్లు సాకిన చెట్లు కండ్ల ముందర ఎండుతాంటే చూస్తా కూసోల్యాక వేసినా. అది ఆయప్పకు ఎట్ల తెలుస్తాది, ఎవురూ చెప్పకపోతే? నువ్వు పోయి సదువుకోని చెప్పు."

చెప్పులేసుకుంటూ నా వైపు తిరిగాడు. "ఇంగోసారి ప్యాంట్లంటే మాత్రం మళ్ల వస్తా." పిల్లలు పకపకా నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటా, కళ్లు మాత్రం మండాయి.

ఆ రోజే హంపమ్మ నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గీసింది. ఎడమ పక్క 'వాడన్నది', కుడి పక్క 'నేననేది'. ముందు ఎడమది రాసి, టిక్కు పెట్టి, ఆ తర్వాతే కుడిది. జవాబులు ఒప్పవడం మొదలైంది, కానీ టైం చాలలేదు. మొదటి మాక్‌లో ఆరు ప్రశ్నలు ముట్టుకోకుండానే గంట కొట్టింది. పరీక్ష ఇరవై రోజులుంది. కుడి పక్క ఒక్క వాక్యమే రాయమన్నాను. తర్వాత ఒక్క మాట. తర్వాత అదీ వద్దు, మనసులో అనుకొని ముందుకు పొమ్మన్నాను. ఒక్కో నిమిషం పీకి పీకి తెచ్చాం. ఆఖరి మాక్‌లో పద్నాలుగు వచ్చాయి, గీత మీద సరిగ్గా నిలబడేటన్ని.

జనవరిలో పరీక్ష. అనంతపురంలో సెంటరు. ఏ విద్యార్థి వెంటా ఎప్పుడూ వెళ్లని నేను ఆ రోజు బస్సెక్కాను. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. హంపమ్మ బయటికొచ్చింది, మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"రెండో ప్యాసేజ్ వలసల మీద మేడం. పల్లెలోళ్లు సిటీ సోకులకు ఆశపడి పోతారని రాసినాడు."

వాళ్ల పల్లెలో సగం ఇళ్లకు తాళాలు. ఆమె చిన్నాయన కుటుంబం బెంగళూరులో కట్టడాల పనిలో ఉంది. "ఏం పెట్టినావ్?"

"ఆయప్ప అన్నదే పెట్టినా."

నేను గట్టిగా ఊపిరి వదిలాను.

"లెక్కలు చేసుకునేకి తెల్ల కాయితం ఇచ్చినారు మేడం. టైము మిగిల్తే నేననేది దాంట్లో రాసి వచ్చినా. పోయేటప్పుడు వాళ్లు తీసుకున్నారు."

"దాన్ని ఎవరు చూస్తారే?"

"సూడనీ, సూడకపోనీ. నేనైతే చెప్పినా."

గీత దాటింది. ఎంతతో అని అడక్కండి, దాటింది. సీటు వచ్చింది. తిమ్మప్ప ఫోన్ చేసి "ఏమమ్మా, ఇంగ ప్యాంట్లు ఎవురు సూస్తారు?" అని నన్ను ఏడిపించాడు.

నేను శింగనమల రైతు కూతుర్ని. ఆ మాట ఇంతదాకా చెప్పలేదు, ఎందుకంటే నాకే గుర్తు రాలేదు. మా నాయన మూడు బోర్లు వేశాడు. మూడోది వేసేటప్పుడు నేను ఆ దుమ్ములోనే నిలబడి ఉన్నాను. ఆ ప్యాసేజ్‌ని ఏరి కోరి మెటీరియల్‌లో పెట్టింది నేనే. ఏటేటా బోర్డు ముందు నిలబడి 'సి' అని చెప్పాను, ఒక్కసారి కూడా నా చెయ్యి ఆగలేదు. అది నా పనితనం అనుకున్నాను. రాసినవాడు ఏమన్నాడో పట్టుకోవడం నేర్పాను గానీ, నువ్వేమంటావని ఒక్క పిల్లనూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బోర్ల ప్యాసేజ్ ఇప్పటికీ చెబుతాను. జవాబు ఇప్పటికీ 'సి'. టిక్కు పెట్టించాక పది నిమిషాలు కుడి పక్కకు ఇస్తాను. బోర్డు మీద ఆ పాత వాక్యం మాత్రం రాయడం మానేశాను. కాలేజీకి వెళ్లే ముందు హంపమ్మ తన నోట్‌బుక్ నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది, తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందని. తిరగేస్తూ పోతే ఆఖరి పేజీలో కూడా మధ్యన గీత గీసి ఉంది. ఎడమ పక్క పైన 'మేడం అన్నది' అని, దాని కింద పొల్లు పోకుండా నా మాట: "ప్యాసేజ్‌లో లేనిది లోకంలో లేదు."

కుడి పక్క, 'నేననేది' కింద, ఒక్క వాక్యం ఉంది.

"మా నాయన ఉండాడు మేడం."