నాన్న, బిజిలీ, ఫిరంతిన్ మేకలు

ఆఖరి రోజు పొద్దున పొలం నుంచి వచ్చి నాన్న మా కుక్క బిజిలీకి పొట్ట కింద వెంట్రుకలు దువ్వాడు. దువ్వెనలో చిక్కిన ఉండను ప్రహరీగోడ మీద పెట్టి, పిచ్చుకలు పట్టుకుపోతాయన్నాడు. టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లాడు. మళ్లీ లేవలేదు.

మా నాన్న సూర్యారావు గూడ్సు రైళ్లకి గార్డు. పలాస నుంచి రాయపూర్ వచ్చి, ముప్పై రెండేళ్లు బండి చివర బ్రేకు వ్యానులో ఒంటరిగా తిరిగాడు. రిటైరయ్యాక ఆ ఊళ్లోనే టాటీబంధ్ జంక్షన్ వెనకాల చిన్న ఇల్లు కట్టాడు. అమ్మ పోయాక అందులో మేమిద్దరమే మిగిలాం. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, పొద్దున చదివిన పేపరే మళ్లీ చదువుతూ కనిపించేవాడు.

2017లో తమ్ముడు రవి బిజిలీని తెచ్చాడు. ఉర్లాలో వాడు పనిచేసే ఫ్యాక్టరీ మేనేజరు బదిలీ అయి, వదిలేసిన కుక్క. నలుపూ తెలుపూ ఒళ్లు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. బోర్డర్ కోలీ అట, గొర్రెల మందలు కాసే జాతి. దానికి రోజూ పని ఉండాలి. లేకపోతే తనే వెతుక్కుంటుంది. ఆ వినాయకచవితికి వీధి పందిట్లో పిల్లలందరినీ ఒక మూలకి తోలి, చుట్టూ తిరుగుతూ ఒక్కరినీ కదలనివ్వలేదు.

"మా బడికి పంపించండి బావగారూ దీన్ని. మా పీటీ సారుకంటే ఇదే నయం," అంది పక్కింటి టీచరు భ్రమరాంబ పిన్ని.

దీపావళి ముందు గేటు దూకి జంక్షన్‌కి పరుగెత్తి, లారీలను మళ్లించబోయింది. ఒక డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి బతికింది. ఆ రోజు నేను గట్టిగానే చెప్పాను.

"తిల్దాలో రైసుమిల్లు ఆయన అడుగుతున్నాడు నాన్నా. ఆయనకి ఆవులున్నాయి, జాగా ఉంది. ఇచ్చేద్దాం."

"ఇది ఎక్కడికీ ఎల్లదు."

"మరి దానికి పని?"

"నాను సూస్తానుండు."

రెండు రోజుల్లో ఫిరంతిన్ బాయిని పట్టుకున్నాడు. మా ఇంటి వెనక బీడు పొలాల్లో ఇరవై మేకలు మేపుకునే ఆవిడ. మొదట బిజిలీ మీద కర్ర ఎత్తింది. వారం తిరిగేసరికి మందను కుక్కకి వదిలేసి గట్టు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చుంది. ఇంటికొచ్చాక బిజిలీ నీళ్లు తాగి, మంచం కింద ఒళ్లెరగకుండా నిద్రపోయేది. నాన్న కూడా.

అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. మేకలు ఉన్నన్నాళ్లూ బిజిలీ మా ఇంట్లో. లేని రోజున తిల్దాకి.

మరుసటేడు నాన్నకి గుండెలో స్టెంటు వేశారు. పరుగులు వద్దు, గబగబా నడవడం కూడా వద్దన్నాడు డాక్టరు. పొలానికి ఇక వెళ్లనివ్వనన్నాను. నాన్న ఒక ప్లాస్టిక్ స్టూలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"జీవితమంతా బ్రేకు వ్యానులో కూకుని బండిని ఎనక నుంచి సూసినోడిని. మేకల్ని సూడ్డానికి నిలబడాలేటి? స్టూలు మీద కూకుంటాను. సరేనా మేడమ్?"

స్టూలు చూసి నమ్మాను. ఏడాది పైగా రోజూ దాన్ని పట్టుకెళ్లి, తిరిగి తెచ్చేవాడు. చొక్కా తడిసిపోయి వస్తే ఎండ అనుకున్నాను.

దసరాకి నాలుగు రోజుల ముందు పోయాడు. బిజిలీ గేటు దగ్గర పడుకుని తిండి మానేసింది. నేను ఆఫీసుకి వెళ్తే చూసేవాళ్లు లేరు. దినం అయ్యాక తిల్దా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన బండి పంపుతానన్న రోజు పొద్దున, చివరిసారి మేకలను చూపిద్దామని బిజిలీని పొలానికి తీసుకెళ్లాను.

అక్కడ మేకలు లేవు. వెతుక్కుంటూ వెళ్తే ఫిరంతిన్ తన ఇంటి ముందు కూర్చుని బీడీ కాలుస్తోంది.

"ఛేరీలు ఎక్కడివి బేటీ? తీజా పండగ ముందే అమ్మేశాను. మోకాళ్లు పనిచెయ్యడం లేదు."

తీజాకీ దసరాకీ మధ్య నెల దాటింది. "మరి నాన్న రోజూ వచ్చేవాడు కదా?"

"వచ్చేవాడు. మీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే కుక్కను పంపించేస్తారన్నాడు." ఆవిడ నవ్వబోయి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బాబూ ఖుదే ఛేరీ బన్ గే రిహిస్."

బాబే మేక అయిపోయాడని.

పొలంలో అటూ ఇటూ పారిపోతున్నట్టు నడిచేవాడట. బిజిలీ చుట్టి వచ్చి, గట్టు దాకా తోలుకొచ్చేదట. దాని ఆత్రం తీరేదాకా మళ్లీ మొదటి నుంచి. ఒక్కోసారి మధ్యలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగిపోయేవాడట. అప్పుడు బిజిలీ తోలడం మానేసి, ఆయన పాదాల మీద పడుకునేదట. ఆయాసం తగ్గేదాకా లేచేది కాదట.