రెండు రాష్ట్రాల మీద గంగక్క విత్తిన ఎద్దు

మా గంగక్కకు చదువు రాదు, చెప్పిన మాట వినడం అసలే రాదు. ఈ రెండో విషయంలో ఆమెను మించినవాళ్ళు ఆలూరు నుంచి బళ్ళారి దాకా దొరకరు. పదేళ్ళుగా ఆమె చేలో విత్తనాల గొర్రు తోలుతూ తిట్లు తింటున్నవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆ చేను తొమ్మిదెకరాలు. వాళ్ళ నాయన కూతుళ్ళిద్దరికీ కలిపి రాసిచ్చాడు. గంగక్క ఆంధ్రాలోనే ఉండిపోయింది, అక్క శివకుమారి అటు కర్ణాటక పల్లెకు కోడలిగా పోయింది. రెండు రాష్ట్రాల హద్దు సరిగ్గా చేను మధ్యలోంచే పోతుంది. అయినా ఏటా ఇద్దరూ కలిసే విత్తుతారు. వాళ్ళింట్లో ఒక పట్టింపు ఉంది. సాలులో గొర్రు దించితే అవతలి కొసకు పోయాకే ఎత్తాలి. మధ్యలో ఎత్తడమంటే అన్నం తినేవాడి ముందు కంచం లాగడమేనంటారు.

నిరుడు వేసవిలో సర్వేయరు వచ్చి కొత్త రాళ్ళు పాతించాడు. రాళ్ళకు అటూ ఇటూ గజం బీడు వదలాలని, ఎవరి పక్క వాళ్ళు వేరుగా విత్తుకోవాలని చెప్పాడు.

"రాయి కాడికి రాంగానే గొర్రు ఎత్తేయాలమ్మా, అంతే," అన్నాడు.

"నీ రాయి కోసరం నేను గొర్రు ఎత్తల్నా? ఎత్తను పో సారూ," అంది గంగక్క.

అంతటితో ఊరుకుంటే ఆమె గంగక్క ఎందుకవుతుంది? చేను ఒకటేనని పక్క గుట్ట మీంచి చూసినా తెలియాలంది. చేనంత ఎద్దును విత్తనాలతోనే గీస్తానంది. తల కర్ణాటకలో, తోక ఆంధ్రాలో. నాకు నవ్వాగలేదు.

"అంటే మేత వాళ్ళది, పేడ మనది," అన్నాను.

"పేడే కదప్పా జయరాజూ, చేనికి బలం," అంది.

ఎద్దులు తిన్నగానే నడుస్తాయి, వంకర గీతలు గీయవు. అందుకని ఆమె ఒక ఉపాయం పన్నింది. ఒడిలో ఒకపక్క శనక్కాయ విత్తనం, ఇంకోపక్క కొర్రలు పోసుకుని, అడుగులు లెక్కపెడుతూ గొర్రు వెనక నడిచింది. కొర్ర పడిన చోటు ఎద్దు, శనక్కాయ పడిన చోటు దాని చుట్టూ నేల. ముప్పై అడుగులు శనక్కాయ, నలభై అడుగులు కొర్ర, మళ్ళీ శనక్కాయ. పక్క సాలులో ఆ లెక్క ఒకటి రెండు అడుగులు మారేది. మగ్గం మీద చీర నేసినట్టు సాలు సాలుకూ ఎద్దు పెరగాలి. లెక్క తప్పకుండా శివకుమారి అవతలి కొసన గులకరాళ్ళు పేర్చేది.

మూడో రోజు తప్పు నేనే చేశాను. దూరాన జీపు దుమ్ము కనబడేసరికి సర్వేయరే వస్తున్నాడనుకుని, రాయి దగ్గర గొర్రు ఎత్తేశాను. తీరా అది పెళ్ళివాళ్ళ జీపు. గంగక్క తిట్టలేదు, అదే నన్ను చంపింది. రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో గుంతలు చేసి, ఖాళీ పోయిన మేరా గింజ గింజ నాటింది.

"బయపడేది నీ ఇష్టమప్పా. నా సాలులో మాత్రం బయపడొద్దు," అంది. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆగస్టులో వాన ముఖం చాటేసింది. శనక్కాయ చెట్లు వాడి, ఎండి, నేల రంగులో కలిసిపోయాయి. కొర్ర మాత్రం నిలబడింది. గుట్ట ఎక్కి చూస్తే ఎర్రటి చేలో పచ్చటి ఎద్దు! కొమ్ములతో సహా ఉంది. ఎండిన పంటకు ఏడవాలో, ఆ ఎద్దును చూసి మురవాలో తెలీక రెండూ చేశాను.

రెండు రాష్ట్రాల అధికారులూ వచ్చారు. తల జోలికి పోవడానికి మనవాడికి అధికారం లేదు, తోక ముట్టడానికి వాళ్ళవాడికి లేదు. సగం ఎద్దును చెరిపి నవ్వులపాలు కావడానికి ఎవరూ సిద్ధపడలేదు. నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. అక్కాచెల్లెళ్ళు కొర్ర కోసుకున్నారు.

అయితే సర్కారుకు ఓపికెక్కువ. చేను ఖాళీ అయ్యాక, మాఘంలో మిషను తెచ్చి రాళ్ళ వెంబడి మోకాలి లోతు కందకం తవ్వించారు. ఇక గొర్రుతో ఎద్దులు దాటలేవు. ఆ కందకం ఉంటే ఇద్దరూ కలిసి విత్తడం ఆ ఏటితో సరి.

జూన్‌లో తొలివాన పడగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ పారలు పట్టారు. పట్టపగలు, దారిన నడిచేవాళ్ళంతా చూస్తుండగా, రెండు రోజుల్లో కందకం పూడ్చేశారు. మూడో రోజు నేను గొర్రు దించాను. ఈసారి నిజంగానే సర్వేయరు జీపు వచ్చింది. రాయి దగ్గరికి వచ్చినా నేను గొర్రు ఎత్తలేదు.

"ఎవరు పూడ్చింది దీన్ని? పేర్లు చెప్పండి, కేసు రాస్తాండా," అన్నాడాయన, కాగితాల పుస్తకం తీసి.

గంగక్క ఒడిలోని గింజలు చిందకుండా పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"గంగక్క. రాసుకో సారూ. కింద మా అక్క శివకుమారి పేరు కూడా రాయి. ఆంధ్రాకొకటి, కర్ణాటకకొకటి వేరేగా రాసేది లేదు. ఇద్దరి పేర్లూ ఒకే కాయితం మింద ఉండాల."

ఆయన పుస్తకంలో పేజీలన్నీ తిరగేశాడు. రెండు రాష్ట్రాలకూ కలిపి రాసే కాగితం ఆయన దగ్గర లేదు.