వారం రోజులు నేర్పిన ‘చ’

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజు నా పరువు పోయింది. తీరిగ్గా నవ్వుకోండి.

పక్షవాతం వచ్చి మాట తడబడేవాళ్లకు మళ్లీ మాట నేర్పడానికి ఈ మూడు నెలలూ నన్ను రాయగడలో వేశారని రాశాను కదా. రైల్వే కేబిన్‌లో పనిచేసే అప్పలస్వామి గారు నా పేషెంటు. ఫోనులో మాట తేటగా వినిపిస్తేనే ఆయనకు మళ్లీ ఉద్యోగం. అన్ని అక్షరాలూ వచ్చేశాయి, ‘చ’ ఒక్కటే రాలేదు. చెంబును సెంబు అంటారు, చాపను సాప అంటారు. వారం రోజులు అద్దం ముందు కూర్చోబెట్టి చెప్పించాను.

ఈ రోజు ‘మాట ఇంకా తేటపడలేదు’ అని రైల్వేవాళ్లకిచ్చే కాగితం మీద రాస్తుంటే ఆయన భార్య క్యారేజీతో వచ్చింది. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది.

“ఏటమ్మా ఇది! పెళ్లిసూపుల్లో కూడా ఈయన ఇలాగే మాటాడేరు. జబ్బనుకుంటే నాను సేసుకుందునేటి? మా ఊరంతా సెంబనే అంటాది.”

“ముందే చెప్పొచ్చు కదండీ?” అన్నాను ఆయనతో.

“మీరు సదువుకున్నోరు. కాదంటే సంతకం ఎట్టరేమోనని ఊరుకున్నాను.”

మనసులోనే రాముడికి దణ్ణం పెట్టి లెంపలేసుకుని, రాసింది కొట్టేసి, ఉద్యోగానికి తగునని సంతకం పెట్టాను. ఆయన కాగితం కళ్లకద్దుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి, నా మీద గౌరవంతో కాబోలు, సెలవు అనవలసిన చోట ఒత్తి పలికారు: “చెలవమ్మా!”

దీన్నెలా దిద్దాలో మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి.