పక్క సీటు లేని కారు

మా ఆయన ఆ కారు కొన్నప్పుడు నేను నిజంగానే సంబరపడ్డాను. మూడు తలుపుల బుజ్జి పాత కారు, ఎర్రది. అప్పటిదాకా ఈ ఇంగ్లండ్‌లో, లీసెస్టర్‌లో నా తిరుగుడంతా బస్సుల్లోనే. శాండ్‌విచ్ ఫ్యాక్టరీలో నా షిఫ్టు తెల్లారకముందే మొదలయ్యేది. వానలో బస్టాపులో నిలబడి నిలబడి కాళ్ళు కొయ్యబారిపోయేవి. ఇక హీటర్ పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని మహారాణిలా వెళ్ళి దిగొచ్చు అనుకున్నాను. అద్దాలకి రోడ్ టాక్స్ బిళ్ళ అంటించే పద్ధతి అప్పుడే ఎత్తేశారు. అద్దం మీద ఖాళీగా మిగిలిన ఆ బిళ్ళ పెట్టే గుండ్రటి ప్లాస్టిక్ తొడుగులో వెంకన్న బొమ్మ కత్తిరించి పెట్టాను కూడా.

కొన్నాళ్ళకే తెలిసింది, అది నాకోసం కాదని. పందేలకట! విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడాలి. పచ్చలైటు వెలగగానే పావు మైలు తిన్నగా పరిగెత్తాలి. ఎవరు ముందు చేరితే వాళ్ళు గొప్ప. మధ్యలో ఒక్క మలుపు కూడా ఉండదు.

"ఈ మాత్రం దానికా ఇంత హడావిడి?" అన్నాను.

"నీకేం తెలుసే దీని సంగతి," అన్నాడు.

ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి, శనివారం వచ్చిందంటే ఫ్లాట్ల వెనక అద్దెకి తీసుకున్న గ్యారేజీలో దూరేవాడు. తోడుగా మా పక్క ఫ్లాట్‌లో ఉండే వరంగల్ అబ్బాయి. ఇద్దరూ వీడియోలు చూసుకుంటూ విప్పేవాళ్ళు, బిగించేవాళ్ళు, సరిగ్గా రాలేదని మళ్ళీ విప్పేవాళ్ళు. నేను జ్వరంతో పడుకుంటే నుదురు ముట్టుకుని చూడని మనిషి, ఆ కారుకి నీళ్ళ వేడి చూడ్డానికి ఒక మీటరు, ఆయిల్ వేడి చూడ్డానికి ఇంకో మీటరు పెట్టాడు. ఇంజన్‌కి బలమిచ్చే టర్బో అట, అది పార్సిల్‌లో వచ్చిన రోజు ఆయన మొహం చూడాలి. మా పెళ్ళిలో అడ్డుతెర తీసినప్పుడు కూడా అంత వెలగలేదు. నాకు కుళ్ళు కాక ఇంకేముంటుంది? ఆడమనిషయితే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. కారుని ఏం పట్టుకుని అడుగుతాం?

ఒకరోజు టీ, పెసరట్లు తీసుకుని గ్యారేజీకి వెళ్తే, పక్క సీటు బయట నేల మీద పడుంది. వానకి తడుస్తోంది.

"నా సీటెందుకు పీకారు?"

"బరువు తగ్గాలి కదా."

"మీకు నా సీటే బరువైందా?"

కారు కింద పడుకున్న వరంగల్ అబ్బాయి అక్కణ్ణించే అందుకున్నాడు. "కోపం చెయ్యకు వదినా! ఎన్క సీటు గూడ పీకినం, కార్పెట్ పీకినం. బరువుంటే బండి ఉర్కదు."

"అట్టయితే మీ అన్న పొట్ట కూడా పీకండి."

ఆ అబ్బాయి నవ్విన నవ్వుకి చేతిలో పానా జారి టంగుమని పడింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. పెసరట్టు కూడా తర్వాతే తిన్నాడు.

బండి తయారయ్యాక పూజ దగ్గర మళ్ళీ గొడవ. మా గుంటూరు వైపు కొత్త బండికి పసుపూ కుంకాలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చుని వాటిని తొక్కిస్తారు.

"నువ్వు హారతియ్యి, నేను తొక్కిస్తా," అన్నాడు.

"ఇద్దరం కూర్చోవాలండీ."

"ఎక్కడ కూర్చుంటావ్?"

"నేనూ అదే అడుగుతున్నా!"

ఇంటి దగ్గర పూజ అక్కడితో ఆగిపోయింది. నిమ్మకాయలు మాత్రం పందెం దగ్గర తొక్కిద్దామని జేబులో వేసుకున్నాడు.

ఎవరైనా సరే సొంత కారు తెచ్చుకుని పరిగెత్తించుకోగల ఆదివారం అది. ఎర్ర కారులో ఆయన, వెనకాల వరంగల్ అబ్బాయి కారులో నేను వెళ్ళాం. అక్కడ జనం మడత కుర్చీలేసుకుని బర్గర్లు తింటున్నారు. పందెం మొదలయ్యే గీత దగ్గర మా వంతు వచ్చింది. మా ఆయన కిటికీలోంచి నిమ్మకాయలు అందించాడు. నేను ముందు చక్రాల కింద పెట్టాను, ఆయన తొక్కించాడు. పందేలు నడిపించే వాళ్ళలో ఆరెంజ్ జాకెట్ వేసుకున్న ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"వాట్స్ దట్, లవ్?" ఇక్కడ ముక్కూమొహం తెలియని వాళ్ళని కూడా అలాగే పిలుస్తారు.

"లెమన్స్," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

రన్‌వే మీద రసం పడితే టైర్లు జారతాయి, వెనకొచ్చే వాళ్ళకి ప్రమాదం అని గట్టిగా కేకలేసింది. అందరూ చూస్తుండగా వరంగల్ అబ్బాయి తొక్కలు ఏరి, టైర్లు తుడిచాడు. మమ్మల్ని వరస చివరికి పంపేశారు.

"నీవల్లే," అన్నాడు మా ఆయన.

"పెట్టమంది మీరే కదా!"

ఆ చిరాకులో మళ్ళీ వంతు రాగానే క్లచ్ ఠక్కున వదిలేసి యాక్సిలరేటర్ తొక్కేశాడు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, పొగ లేచింది, బండి మాత్రం ఓ పట్టాన కదల్లేదు. పక్కన సామాన్లేసుకునే పొడుగు కారులో వచ్చిన తెల్లజుట్టు అంకుల్ తాపీగా వెళ్ళిపోయాడు. రెండోసారీ అదే. మా ఆయన దిగి బానెట్ ఎత్తి, "క్లచ్‌లో ఏదో ఉంది," అన్నాడు.

"నేను నడుపుతా," అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. నాకు ఇక్కడి లైసెన్స్ మొదటి టెస్టులోనే వచ్చింది. ఆయన రెండుసార్లు తప్పాడు. ఆ మాట నేనిప్పుడు ఎత్తలేదు.

"సీట్లు పీకారు, కార్పెట్ పీకారు. ఇంకా బరువు తగ్గాలంటే మీరు దిగాలి."

"అన్నా, వదిన మాటల న్యాయమున్నది," అన్నాడు వరంగల్ అబ్బాయి, మొహం పక్కకి తిప్పుకుని.

లైసెన్స్ చూపించి, చేతికి పట్టీ కట్టించుకుని, ఆయన హెల్మెట్ పెట్టుకున్నాను. లోపల నా సీటు ఉండాల్సిన చోట వట్టి రేకు, వైర్లు. స్టీరింగ్ పట్టుకోగానే కారు వణుకు భుజాల దాకా పాకింది. ఇన్ని శనివారాలూ దీన్ని ఒక్కడే దాచుకున్నాడా అని ఇంకా మండింది. పచ్చలైటు వెలిగింది. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో వానలో ఎత్తు రోడ్డెక్కేటప్పుడు చేసినట్టే క్లచ్ మెల్లగా వదిలాను. చక్రాలు నేలని పట్టుకున్నాయి. ఆ తర్వాత ఎవరో వెనకనుంచి తోసినట్టే! గట్టిగా అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు.

టైము చీటీ అందుకుని వచ్చాను. ఆయన టైము కంటే బాగా తక్కువ. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఇప్పుడు టైర్లు వేడెక్కాయి కదా, అందుకని," అన్నాడు.

"అవునన్నా, టైర్లే," అని దగ్గాడు వరంగల్ అబ్బాయి.

"దిగు, ఇంకోసారి నేనెళ్తా."

"అప్పుడేనా?"

"దిగవే బాబూ!"

దిగాను. ఈసారి ఆయన నాలాగే మెల్లగా క్లచ్ వదిలాడు. చూస్తూనే ఉన్నాను, అచ్చం నాలాగే. బండి బాణంలా వెళ్ళింది. నా టైము మీద రవ్వంత తగ్గించుకుని, నవ్వుతూ తిరిగొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇప్పుడు కుళ్ళు కారు మీద కాదు, దాన్ని నడిపే మనిషి మీద.

ఆయన ఇంకా పూర్తిగా దిగనేలేదు.

"ఆ హెల్మెట్ ఇటివ్వండి," అన్నాను.