పన్నెండు స్వెట్టర్లు, ఒకటే చెయ్యి

చేతిలో ఊలుండ లేకపోతే అన్నం సహించని వయసొకటి నాకూ ఉండేది. ఆ రోజుల్లో పాల్వంచలోని మా ఇంట్లో రేడియోకు తొడుగు, బిందెకు మూత, నాన్న టార్చిలైటుకు చొక్కా (దానికి రెండు గుండీలు కూడా), అన్నీ నా చేతి చలవే. "ఇగ ఊకోయే, రేపు బర్రెకు గూడ తొడుగుతవు" అని అమ్మ విసుక్కునేది. అలాంటి నన్ను ఇరవై ఒకటో ఏట, మణుగూరు వైపు ఒక బొగ్గుబావుల కాలనీలో ఆడవాళ్లకు అల్లికలు నేర్పే టీచరుగా తీసుకున్నారు. ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. పై ఆఫీసు నుంచి తనిఖీకి మేడమ్ వచ్చి చూసి మెచ్చితే ఉంచుతారు, లేకపోతే ఇంటికే. ఇష్టమైన పనికి ఎదురు జీతమిస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అది పోతుందేమోనని క్యాలెండరులో రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

నా దగ్గరికి పన్నెండు మంది వచ్చేవాళ్లు. అందరి భర్తలూ బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లే. మధ్యాహ్నం క్లాసు సగంలో ఉండగా షిఫ్టు దిగే సైరన్ మోగేది. మసితో వచ్చే మనిషికి వేణ్ణీళ్లు, అన్నం సిద్ధం చేయాలి కదా, వరస మధ్యలోనే సూదులు వదిలేసి పరుగెత్తేవాళ్లు. అందరికంటే ముందు లేచే పెద్దావిడకు నేను మనసులో సైరనక్క అని పేరు పెట్టుకున్నాను. వాళ్లు వెళ్లాక ఆ వంకర కుట్లు చూస్తే నా ప్రాణం ఊరుకునేది కాదు. అన్నీ ఇంటికి తీసుకెళ్లి, విప్పి, మళ్లీ ముచ్చటగా అల్లి తెచ్చేదాన్ని. "మా టీచరమ్మ చెయ్యి పడితె బంగారమే" అని వాళ్లనేవాళ్లు. నేను పొంగిపోయేదాన్ని. రోజురోజుకీ వాళ్ల కుట్లు మరింత అధ్వాన్నమవుతున్న సంగతి మాత్రం నా కంట పడలేదు (పడినా నాకు పని దొరికిందని సంతోషించేదాన్నేమో).

మేడమ్ ఒకరోజు క్లాసు మొదలవగానే వచ్చింది. బల్ల మీద పరచిన పన్నెండు స్వెట్టర్లూ తడిమి చూసి, "అన్నీ ఒకటే చేత్తో అల్లినట్టున్నాయే" అంది. పొగడ్తనుకుని "థాంక్సండీ" అన్నాను. ఆవిడ సూదులు సైరనక్క చేతిలో పెట్టి నాలుగు వరసలు అల్లమంది. సైరనక్క రెండు కుట్లు వేసి, తీరిగ్గా కూర్చుంది.

"ఏమ్మా, ఆగిపోయావు?"

"ఇంక సైరన్ కాలేదు గద మేడమ్."

"సైరన్‌కీ దీనికీ ఏంటి సంబంధం?"

"సైరన్ అయినంక మేం ఇంటికి పోతం. తెల్లారి వచ్చి చూస్తె గది అయిపోయి ఉంటది. మా టీచరమ్మ శాన మంచిది."

పాపం, నాకు మేలు చేస్తున్నాననే అనుకుంది. మేడమ్ కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "నీకు అల్లడం వచ్చని తెలిసే తీసుకున్నాం. వీళ్లకు రావాలి కదమ్మా" అంది. నెల రోజుల గడువిచ్చి వెళ్లిపోయింది.

నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను. సైరనక్క వచ్చి కొంగుతో నా మొహం తుడిచింది. "మేం తప్పు అల్లితె నువ్వు గుంజుకుంటివి బిడ్డా. మాకు సుఖమే గద, ఊకున్నం. రేపటి సంది నోటితోని చెప్పు. చెయ్యి పెట్టకు."

ఆ నెల ఎలా గడిచిందో నాకే తెలుసు. చేతులు వెనక్కి కట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ, "సూది లోపలికి పోనిచ్చి, ఊలు చుట్టి, ఆ కుట్టు వదలండి... అయ్యో, అది కాదు" అని గొంతు పోయేదాకా చెప్పాను. ఒకసారి జారిన కుట్టు చూడలేక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను కూడా. మేడమ్ మళ్లీ వచ్చేనాటికి స్వెట్టర్లన్నీ తలో వంకరగా ఉన్నాయి. సైరనక్క తన కూతురికి అల్లినదానికి ఒక చెయ్యి రెండోదానికంటే జానెడు పొడుగు.

"ఇదెవరు అల్లారు?"

"నేనే" అంది సైరనక్క, గట్టిగా.

"ఈ చెయ్యెందుకింత పొడుగు?"

"మా పిల్ల పెరుగుతది గద మేడమ్. రెండోది వచ్చే ఏడు విప్పి పొడుగు చేస్త. ఇప్పుడు నాకొస్తది గద."

మేడమ్ నవ్వుతూనే కాగితం మీద సంతకం పెట్టింది. అలా దొరికిన ఉద్యోగాన్ని తల నెరిసేదాకా చేశాను. నా పనితనం నలుగురికీ చూపించుకోవడానికే టీచరునయ్యాననుకున్న ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ చలికాలం సైరనక్క కూతురు ఆ స్వెట్టర్ వేసుకుని, పొడుగు చెయ్యి మడత పెట్టుకుని బడికి పోతుంటే చూశాను. అందులో నా కుట్టు ఒక్కటీ లేదు. అయినా దారిన పోయేవాళ్లందరినీ ఆపి, చూశారా, అది నాదేనని చెప్పాలనిపించింది.