ఒకసారి పోసిన నీళ్ళు

1978లో నన్ను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుని. నా పైన వార్డు సిస్టర్, ఆమె పైన లేడీ డాక్టరు. మాది తెలుగు మాట్లాడే నేతపని కుటుంబం. ఇంట్లో అందరం మురుగన్ భక్తులం. అయినా నాకు జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, ఇవ్వడం తెలుసు. ఎలాగంటే, నేను నర్సు చదువు చదివింది ఒక మిషన్ ఆసుపత్రిలో. అక్కడ మాకు పాఠాలు చెప్పిన కన్యాస్త్రీ, హిందూ పిల్లలమని మమ్మల్ని వదిలిపెట్టకుండా, సూది వెయ్యడం నేర్పినంత శ్రద్ధగా ఇదీ నేర్పింది.

క్యాథలిక్కుల నమ్మకం ప్రకారం మనిషి పుట్టుకతో వచ్చే పాపాన్ని జ్ఞానస్నానం కడిగేస్తుంది, బిడ్డను తిరుసభలో, అంటే వాళ్ళ క్రైస్తవ సంఘంలో, చేరుస్తుంది. జీవితంలో అది ఒక్కసారే. ఆత్మ మీద పడిన ముద్ర చెరగదు కాబట్టి రెండోసారి ఇవ్వకూడదు. మామూలుగా చర్చిలో, వాళ్ళు గుడి అనే చోట, ఫాదరే ఇస్తారు. కానీ బిడ్డ ప్రాణం మీదికి వచ్చి, ఫాదర్ అందుబాటులో లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు. క్రైస్తవులే కానక్కరలేదు, మంత్రించిన నీళ్ళూ అక్కరలేదు. తల మీద మంచినీళ్ళు పారేటట్టు పోస్తూ చెప్పవలసిన మాటలు చెప్పాలి. తిరుసభ చేసే పనే నేనూ చేస్తున్నానన్న ఉద్దేశం మనసులో ఉండాలి. తల్లిదండ్రులు అడిగితేనే చెయ్యాలని మా టీచరమ్మ గట్టిగా చెప్పేది.

ఆ సంవత్సరమే వెంగల్ వైపు పల్లె నుంచి ఫిలోమిన అనే అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. తల్లి లేని పిల్ల కావడంతో అత్తగారు రాయమ్మ వెంట వచ్చింది. కాన్పు కష్టమైంది. ఆడబిడ్డ పుట్టింది కానీ ఏడవలేదు, ఒళ్ళంతా నీలం. గొంతులో కఫం లాగాను, వీపు రుద్దాను, నోటి మీద గాజుగుడ్డ వేసి ఊపిరి ఊదాను. డాక్టరమ్మ ఆపరేషన్లో ఉంది. మద్రాసు పంపే వ్యవధి లేదు. ఫిలోమిన బల్ల మీది నుంచే నా కొంగు పట్టుకుంది.

"అక్కా, బిడ్డ పోయేట్టుంది. సామి వచ్చేదాకా ఆగదు. నువ్వే నీళ్ళు పొయ్యక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

సామి అంటే వాళ్ళ ఫాదర్. బిడ్డకు పేరేమిటని అడిగాను. ఆగ్నేసు అంది. గుమ్మంలో ఉన్న రాయమ్మను లోపలికి పిలిచి బిడ్డ తల పట్టుకోమన్నాను. కాచి చల్లార్చిన నీళ్ళు గిన్నెలో ఉన్నాయి. "ఆగ్నేసూ, తండ్రి, కుమార, పవిత్రాత్మల నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అంటూ మూడుసార్లు పోశాను. తుడిచి, మళ్ళీ ఊపిరి ఊదడం మొదలుపెట్టాను. అంతకుముందు నేను నీళ్ళు పోసిన పసికందులెవరూ బతకలేదు. ఈ పిల్ల మాత్రం కాసేపటికి కెవ్వుమంది.

గొడవంతా బతకడంతోనే వచ్చింది.

నెల తిరిగేసరికి ఫిలోమిన మామగారు చిన్నప్ప ఆసుపత్రికి వచ్చాడు. ఊళ్ళో గుడిపెద్ద, ఊత్తుకోట రోడ్డు మీద ఎరువుల అంగడి ఉంది. మనవరాలి జ్ఞానస్నానానికి పందిరి, మేళం, బంధువులకు బిరియాని అన్నీ మాట్లాడేశాడు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగిని, జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలబడే జ్ఞానతండ్రిగా పిలిచాడు. పిల్లకు తన తల్లి పేరు, సవేరమ్మ అని పెట్టించాలని ఆశ. తీరా ఫిలోమిన వెళ్ళి ఫాదర్‌తో జరిగింది చెప్పేసింది. ఇచ్చింది నిజమే అయితే మళ్ళీ నీళ్ళు పొయ్యనని, తైలం పూసి, తెల్లబట్ట కప్పి, కొవ్వొత్తి వెలిగించి మిగతా తంతు మాత్రం చేస్తానని ఫాదర్ అన్నారు. సరిగా ఇచ్చారో లేదో అనుమానముంటే మాత్రం 'ఇదివరకు ఇచ్చి ఉండకపోతేనే' అన్న షరతు పెట్టి మళ్ళీ పొయ్యవచ్చు, అది వాళ్ళ చట్టంలో ఉంది. పెద్దాయనకు ఆ అనుమానం కావాలి. భార్య రాయమ్మ చేత "నాకేమీ వినబడలేదు" అని ఫాదర్‌కు అప్పుడే చెప్పించేశాడు. ఇక మిగిలింది నేను.

"నువ్వు తప్పు చేసినావని ఎవురన్నారమ్మా? ఏం చెప్పినానో గుర్తులేదని ఒక్క మాట చెప్పు, సాలు. సామి మళ్ళీ పోస్తాడు. యాడో ఆసుపత్రిలో హిందూ నర్సు పోసిన నీళ్ళంటే నలుగురిలో నా తల తీసేసినట్టుండాది."

"మరి ఫిలోమిన మాట ఏం కావాలి?" అని అడిగాను.

"అది అబద్ధాలకోరు. మళ్ళీ నీళ్ళు పడకపోతే తల్లినీ బిడ్డనీ దాని అన్న ఇంటికి తోలేస్తా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బిడ్డను బయటికి తీసిన చెయ్యి మీకు పనికొచ్చింది. ఊపిరి ఊదిన నోరు పనికొచ్చింది. నీళ్ళు పోస్తే అంటు వచ్చిందా? ఏం మనిషయ్యా నువ్వు!" అన్నాను. వార్డంతా తిరిగి చూసింది. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. మా సిస్టరు నన్ను గదిలోకి పిలిచి, "నీకెందుకే ఈ వంబు, ఊరివాళ్ళ తగాదా? గుర్తులేదంటే నీ సొమ్మేం పోతుంది?" అని కోప్పడింది. ఆ మాటకు ఇంకా ఒళ్ళు మండింది. సూది వేశానో లేదో గుర్తులేదని ఒకామె అంటే, తరువాత డ్యూటీకి వచ్చినామె ఇంకొకటి వేస్తుంది. అలా రెండు మత్తు సూదులు పడి కళ్ళు తెరవలేకపోయిన బాలింతను శిక్షణ రోజుల్లో చూశాను. ఫిలోమిన బతుకు నా నోటి మీద ఆధారపడి ఉంటే, గుర్తున్నదాన్ని గుర్తులేదని ఎలా అంటాను?

ఆదివారం ఫాదర్ కబురు పెడితే వాళ్ళ ఊరి గుడికి వెళ్ళాను. పూజ అయిపోయింది. బయట మేళగాళ్ళు కూర్చున్నారు. ఫిలోమిన బిడ్డను ఎత్తుకుని ఒక మూల నిలబడింది. పక్కనే మొగుడున్నాడు కానీ అతని కళ్ళు తండ్రి మీదే. ఫాదర్ డాక్టరు కేసు అడిగినట్టే వరుసగా అడిగారు. ఏ నీళ్ళు, తల మీద పారాయా, ఏ మాటలన్నావు, ఏ ఉద్దేశంతో అన్నావు? అన్నీ చెప్పాను. ఆ మాటలు అందరి ముందూ మళ్ళీ పలికాను.

"నేర్చుకోనొచ్చి చెప్తాండాది సామీ! బొట్టు పెట్టుకున్న మనిషి సాక్ష్యం గుడిలో చెల్లుతాదా?" అని చిన్నప్ప లేచాడు.

ఫాదర్ ఆయన్ని కూర్చోమన్నారు. రాయమ్మ వైపు తిరిగి, ఇంకోసారి అడుగుతున్నానమ్మా, ఏమీ వినబడలేదా అన్నారు. ఆమె మొగుడి మొహం చూసింది, కోడలి మొహం చూసింది.

"ఆయమ్మ చెప్పింది నిజమే సామీ. బిడ్డ తల పట్టుకున్నింది నేనే. నీళ్ళు నా చేతుల మింద కారినాయి."

"నోరు మూస్తావా లేదా?"

"నెల దినాలుగా మూసుకోనే ఉండా. దేవుని ముందర ఇంక నాచేత కాదు."

మళ్ళీ నీళ్ళు పొయ్యలేదు. ఆగ్నేసన్న పేరుతోనే తైలం పూశారు. చిన్నప్ప గుమ్మిడిపూండి అతిథిని వెంటబెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. జ్ఞానతల్లిగా రాయమ్మే నిలబడింది. తల్లిదండ్రులకు ఆ స్థానం ఇవ్వరు కానీ నాయనమ్మకు అడ్డులేదు. నాలాంటి వాళ్ళకు మాత్రం అది కుదరదు. నీళ్ళు పొయ్యవచ్చు, జ్ఞానతల్లి కాలేము. అది వాళ్ళ నియమం, దాని మీద నాకు కోపం లేదు. తంతు కాగానే రాయమ్మ కోడల్ని రెక్క పట్టుకుని, "పద, ఇంటికి పోదాం" అంది. అన్న ఇంటికి కాదు, తన ఇంటికే తీసుకుపోయింది.

తరువాతి సంవత్సరం అదే చిన్నప్ప చిన్నకోడల్ని కాన్పుకు తీసుకొచ్చాడు. ఆయమ్మే చూడాల అని వార్డు గుమ్మంలో పట్టుబట్టాడట. సిగ్గు లేకపోతే సరి!

"చూస్తాను పెద్దాయనా. నా చెయ్యి ఏం చేస్తుందో అది రేపు ఎవరు అడిగినా చెప్తాను. ఇష్టమైతేనే లోపలికి పంపించు" అన్నాను. తల వంచుకుని పంపించాడు.

తరువాత కొత్తగా చేరిన నర్సు పిల్లలకు నేను మొదటి రోజే ఒక మాట చెప్పేదాన్ని. చేసింది చేశానని చెప్పడం కూడా డ్యూటీయే. ఆ ధైర్యం లేకపోతే ప్రసూతి గదిలో అడుగు పెట్టవద్దు.